రోడ్డు ఒప్పందంలో పల్లెకూ చోటుండాలి

హైదరాబాద్–విజయవాడ రహదారిని నాలుగు వరుసలుగా వేసినది ప్రైవేటు సంస్థ. జి.ఎం.ఆర్. కంపెనీ పెట్టుబడి తెచ్చి రోడ్డు వేసి, పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లుల వద్ద 2012 నుంచి టోలు వసూలు చేసుకున్నది. 2014లో రాష్ట్రం విడిపోయాక వాహనాలు తగ్గి నష్టపోయామని వాదించింది. చివరకు జాతీయ రహదారుల సంస్థ సుమారు 1,387 కోట్ల రూపాయలు ఇవ్వడానికి ఒప్పుకొని, 2024 జూలై 1న రోడ్డును తన చేతికి తీసుకున్నది.

కంపెనీకి తన నష్టం అడగడానికి ఒప్పంద పత్రమున్నది. పల్లెకు ఏమున్నది? రోడ్డు కట్ట ఎత్తు పెరిగితే చెరువుకు పోయే వాననీటికి అడ్డుపడుతుంది. నీడనిచ్చే చెట్లు కూలుతాయి. అవతలి పొలానికి పశువులను తోలుకుపోవాలంటే చుట్టు తిరగాలి, లేదా ప్రాణాలకు తెగించి దాటాలి.

ఈ రోడ్డును ఆరు వరుసలు చేయాలన్న ప్రతిపాదన వచ్చింది. సొమ్ము ఎవరు పెట్టినా, ఏ ఊరికి ఎక్కడ అండర్‌పాసు, ఏ కాల్వకు ఎక్కడ తూము, కొట్టిన చెట్లకు బదులు ఎన్ని మొక్కలు అన్నది ముందే ఒప్పందంలో రాయాలి. గ్రామ పంచాయతీలు సర్వే నంబర్లతో సహా తీర్మానాలు చేసి ఇప్పుడే అధికారులకు అందజేయాలి. రోడ్డు పడ్డాక మొరపెట్టుకొని లాభం లేదు.