అటాచ్‌మెంట్ తెరవాలంటే ఆఫీస్ కొనాలా?

అమ్మాయికి ఇంటర్వ్యూ పిలుపు ఈమెయిల్‌లో వచ్చింది. జత చేసిన ఫైలు మీద క్లిక్ చేస్తే తెరుచుకోదు. కంప్యూటర్‌లో ఎంఎస్ ఆఫీస్ లేదు మరి! రేపటిలోగా జవాబు పంపమని అందులో ఉంటే? ఇలాంటప్పుడే చాలామంది దొంగ కాపీ వేయించుకుంటారు. దాంతోపాటు వైరస్‌లూ ఇంట్లోకి రావచ్చు. మనకొచ్చిన ఉత్తరం చదువుకోవడానికి ఆ అవస్థ అక్కర్లేదు. పైసా ఖర్చు లేని దారులున్నాయి.

ముందు ఫైలు పేరు చివర చూడండి. ‘డాక్ఎక్స్’ అని ఉంటే ఉత్తరం, ‘ఎక్స్ఎల్ఎస్ఎక్స్’ అయితే లెక్కల పట్టిక, ‘పీపీటీఎక్స్’ అయితే స్లైడ్లు. ఆఫీస్ 2007తో వచ్చిన పద్ధతి ఇది. 2008లో అంతర్జాతీయ ప్రమాణంగా ఐఎస్‌ఓ ఆమోదమూ పొందింది. దాని వివరాలు బహిరంగమే కాబట్టి మిగతా సాఫ్ట్‌వేర్లూ ఈ ఫైళ్లను చదవగలవు. చివర ‘ఎక్స్’ లేని పాత ఫైళ్లనూ తెరుస్తాయి.

నెట్ ఉంటే: జీమెయిల్‌లో ఫైలు మీద క్లిక్ చేస్తే అక్కడే కనిపిస్తుంది. మార్పులు చేయాలంటే ‘ఓపెన్ విత్’లో గూగుల్ డాక్స్ ఎంచుకోండి. మైక్రోసాఫ్ట్ ఉచిత ఖాతా ఉన్నా చాలు, బ్రౌజర్‌లోనే వర్డ్, ఎక్సెల్ వాడుకోవచ్చు. ముక్కూమొహం తెలియని ‘కన్వర్టర్’ సైట్లకు మాత్రం ఫైలు అప్పగించకండి. అందులో మీ ఆధార్, జీతం వివరాలు ఉండొచ్చు.

నెట్ లేనప్పుడు: లిబ్రేఆఫీస్ ముందే వేసి ఉంచుకోండి. ఓపెన్‌ఆఫీస్ నుంచి 2010లో వేరుపడి ఎదిగిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ పనిచేస్తుంది. దాని సొంత వెబ్‌సైట్ నుంచే దించుకోండి. ఉత్తరాలకు రైటర్, లెక్కలకు కాల్క్, స్లైడ్లకు ఇంప్రెస్ ఉంటాయి. నింపిన దరఖాస్తును తిరిగి పంపేముందు ‘సేవ్ యాజ్’లో వర్డ్ పద్ధతి ఎంచుకోవడం మరవొద్దు. లేకుంటే అవతలివారికి తెరుచుకోకపోవచ్చు. పేజీలో గళ్లు, వరుసలు కాస్త అటూ ఇటూ జరగొచ్చు. ఒకసారి సరిచూసుకోండి.

తెలుగు బదులు పిచ్చి గీతలు కనిపిస్తున్నాయా? తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాకపోవచ్చు. అను వంటి పాత ఫాంట్లతో టైపు చేసినవి ఆ ఫాంటు మీ దగ్గర లేకపోతే అలాగే కనిపిస్తాయి. యూనికోడ్‌లో గానీ పీడీఎఫ్‌గా గానీ పంపమనండి.

ఇంకో జాగ్రత్త. ఫైలు తెరిచాక ‘ఎనేబుల్ కంటెంట్’ నొక్కమని అడిగితే తొందరపడకండి. పంపినవారికి ఫోన్ చేసి కనుక్కోండి. పేరు చివర ‘ఈఎక్స్ఈ’ ఉంటే అది ఉత్తరమే కాదు, ముట్టుకోవద్దు.

మీరు పంపేటప్పుడూ అవతలివారి గురించి ఆలోచించండి. చదువుకుంటే చాలు, మార్చే పని లేదనుకుంటే పీడీఎఫ్ చేసి పంపండి. లిబ్రేఆఫీస్‌లో ఫైల్ మెనూలోనే ఆ సదుపాయం ఉంది. ఏ ఫోన్‌లోనైనా సులువుగా తెరుచుకుంటుంది.