బాకాతో అమెరికా చూసిన ఆవిడ

మన పిల్లలు కాలేజీలో చేరగానే తీసుకునే కోర్సుల్లో సోషియాలజీ ఒకటి. ఆ మాటను 1839లో అచ్చువేసి ప్రచారంలోకి తెచ్చిన ఫ్రెంచి పండితుడు ఆగస్ట్ కామ్టే పేరు మొదటి పాఠంలోనే వస్తుంది. ఈసారి నేను ఆయన్ని కాస్త పక్కన కూర్చోబెట్టి హారియెట్ మార్టినో గురించి చెబుతాను. ఆవిడ కూడా మనలాగే సముద్రం దాటి అమెరికా వచ్చిన మనిషి.

1802లో ఇంగ్లండులోని నారిచ్‌లో పుట్టింది. చిన్నప్పుడే చెవుడు వచ్చింది. 1834లో న్యూయార్క్‌లో ఓడ దిగి రెండేళ్ళపాటు చార్లెస్టన్, న్యూ ఆర్లీన్స్, షికాగో అన్నీ తిరిగింది. చెవికి బాకా ఆనించుకుని, అవతలి మనిషిని అందులో మాట్లాడమనేది. అలా ఒక్కొక్కరితో విడిగా మాట్లాడటం వల్ల తనకు లాభమే కలిగిందంటుంది!

కొత్త దేశాన్ని ఎలా చూడాలో చెబుతూ 1838లో ఒక పుస్తకం వేసింది. ఇద్దరు ముగ్గురిని చూసి “వీళ్ళింతే” అని తేల్చెయ్యద్దంటుంది. (మన విందుల్లో “ఈ అమెరికన్లున్నారే...” అని మొదలయ్యే కబుర్లు గుర్తొచ్చి నవ్వుకున్నాను.) సమాధిరాళ్ళ మీద ఏం రాశారో చూడమంటుంది, జైళ్ళు చూడమంటుంది, జనం పాడుకునే పాటలు వినమంటుంది.

మరి మంచిచెడ్డలు దేనితో కొలవాలి? అమెరికాను ఆవిడ ఇంగ్లండుతో పోల్చి కొలవలేదు, అమెరికా తన గురించి తాను చెప్పుకున్న మాటతోనే కొలిచింది. మనుషులంతా సమానమని 1776లో ప్రకటించారు కదా, మరి ఈ బానిసలెవరు? పాలితుల సమ్మతితోనే పాలన అన్నారు కదా, ఆడవాళ్ళ సమ్మతి ఎవరడిగారు? 1837లో వచ్చిన ‘సొసైటీ ఇన్ అమెరికా’ నిండా ఇవే ప్రశ్నలు. అంతకుముందే, 1835లో బోస్టన్‌లో బానిసత్వానికి వ్యతిరేకంగా నాలుగు మాటలు మాట్లాడినందుకు బెదిరింపులు వచ్చాయి. ఆడవాళ్ళ ఓటు హక్కు 1920లో గాని రాజ్యాంగంలోకి ఎక్కలేదు. ఆవిడ 1876లోనే పోయింది.

ఆవిడ బాకా పట్టుకుని మన ఉగాది సభకు వస్తే? వేదిక మీద “తెలుగువాళ్ళమంతా ఒక్కటే” అంటాం. భోజనాల బల్ల దగ్గర ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో, పెళ్ళి సంబంధాల దగ్గర మొదట ఏమడుగుతామో ఆవిడ రాసుకుపోతుంది.

అన్నట్టు, కామ్టే రాసిన ఆరు సంపుటాలను కుదించి 1853లో ఇంగ్లీషులో రెండు సంపుటాలుగా తెచ్చింది కూడా ఈవిడే. కామ్టేకి అది ఎంత నచ్చిందంటే, తన మూలం బదులు దాన్నే చదవమన్నాడు. తర్వాత దాన్ని మళ్ళీ ఫ్రెంచిలోకి తిప్పుకున్నారు!

పిల్లలూ, మీ ఊళ్ళో పాత శ్మశానం ఉంటే ఈ వేసవిలో నాన్నతో వెళ్ళి చూడండి. (అమ్మమ్మ కోప్పడితే హోంవర్కని చెప్పండి.) ఆ రాళ్ళ మీద మగవాళ్ళను దేనికి పొగిడారు, ఆడవాళ్ళను దేనికి పొగిడారు? రెండు వరసలుగా రాసి నాకు పంపండి.