కాఫీ వాసన వచ్చినా లేవనివాళ్ల కోసం

'వేక్ అప్ అండ్ స్మెల్ ద కాఫీ' అన్న ఇంగ్లిష్ జాతీయానికి మనలో చాలామంది నోట్సులో 'అప్రమత్తంగా ఉండు' అని అర్థం రాసుకుంటాం. నేనూ అలాగే రాసుకున్నాను. అది సగం అర్థమే అని ఇప్పుడు అనిపిస్తోంది.

ఒకసారి ఆ దృశ్యం ఊహించుకోండి. కాఫీ కాచడం అయిపోయింది. వాసన ఇల్లంతా నిండింది. లేవనిది పడుకున్నవాడొక్కడే. అంటే ఇది విషయం తెలియనివాడికి చెప్పే మాట కాదు, కళ్లెదుట ఉన్నా ఒప్పుకోనివాడికి చెప్పేది. మనం 'ఇకనైనా కళ్లు తెరువు' అంటామే, దానికి దగ్గర. అమెరికా పత్రికల్లో పాఠకులకు సలహాలిచ్చే ఆన్ లాండర్స్ శీర్షిక దీన్ని బాగా వాడుకలోకి తెచ్చింది. 1996లో ఆమె పుస్తకం ఒకటి ఇదే పేరుతో వచ్చింది కూడా.

ఇందులో మందలింపు ఉంది. చెప్పేవాడు వినేవాడికంటే ఒక మెట్టు పైన నిలబడి మాట్లాడతాడు. అందుకే ఎస్సేలో 'ప్రభుత్వం వేక్ అప్ అండ్ స్మెల్ ద కాఫీ' తరహా వాక్యం రాయకండి. ఇంటర్వ్యూ బోర్డు ముందు అసలే వద్దు. అక్కడ 'వేక్ అప్ కాల్' సరిపోతుంది. అది హెచ్చరికలా వచ్చిన సంఘటనకు పేరు, ఎవరినీ తిట్టదు. ఇంకో తికమక 'స్టాప్ అండ్ స్మెల్ ద రోజెస్'. అది పరుగు ఆపి కాస్త ఆస్వాదించమనే మాట. రెండూ వాసనలే కదా అని కలిపేస్తే కాంప్రహెన్షన్‌లో మార్కు పోయినట్టే.

నాకు ఈ తేడా డిక్షనరీలో తెలియలేదు. ఇంజినీరింగ్ చదివినవాణ్ని, సీశాట్ ఒక లెక్కా అనుకున్నాను. 200కు 33 శాతం వస్తే చాలు, అర్హత పేపరే కదా! వరసగా మూడు మాక్ టెస్టుల్లో 60 దాటలేదు. 'రాత్రి నిద్ర లేదు', 'ప్యాసేజీలు మరీ పొడుగు' అంటూ ప్రతి షీటు మీదా ఒక కారణం రాసి పెట్టుకున్నాను. రూమ్మేట్ ఆ షీట్లు తిరగేసి ఈ మాటే అన్నాడు. నాకు ఒళ్లు మండి రెండు రోజులు మాట్లాడలేదు. ప్రిలిమ్స్ అయ్యాక కీతో సరిచూసుకుంటే జీఎస్ బాగానే వచ్చింది. సీశాట్ పోయింది. ఉన్న ఆరు అటెంప్టుల్లో ఒకటి అలా అయిపోయింది.

మీ చివరి మూడు మాక్‌ల మార్కులు ఒక కాగితం మీద రాయండి. పక్కన కారణాలు వద్దు, అంకెలు మాత్రమే. నాది టేబుల్ ఎదురుగా గోడకు అంటించాను. ఈసారి రోజూ పొద్దున్నే మొదటి గంట సీశాట్‌కే.