అనకాపల్లికి ఆర్ట్ సీజన్ ఎప్పుడు? భవనం కన్నా ముందు కావాల్సింది క్యాలెండర్

2025 జనవరి 26న దిల్లీలోని కర్తవ్య పథ్‌పై ఆంధ్రప్రదేశ్ శకటంగా ఏటికొప్పాక లక్క బొమ్మలు కదిలాయి. రాష్ట్రాల శకటాల్లో దానికి మూడో స్థానం దక్కింది. దేశమంతా టీవీల్లో చూసింది.

ఆ బొమ్మల ఊరు అనకాపల్లి జిల్లాలోనే ఉంది. యలమంచిలి దగ్గర, వరాహ నది ఒడ్డున. ఇప్పుడు ఒక చిన్న ప్రశ్న. అనకాపల్లి పట్టణంలో చదువుకునే ఏడో తరగతి పిల్ల ఆ బొమ్మల కథను ఒక ప్రదర్శనలో తీరిగ్గా నిలబడి చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి? ఏ నెలలో? ఎన్ని గంటలకు?

తేదీలు ముందే ప్రకటించి, ఏటా క్రమం తప్పకుండా నడిచే కళా ప్రదర్శనశాల పేరు ఒక్కటి చెప్పమంటే ఇక్కడ చాలామంది తడుముకుంటారు. నీళ్లు, రోడ్లు, లైబ్రరీ లాంటి పౌర సేవల్లో దీన్ని కూడా లెక్కపెట్టొచ్చా? చట్టం ఏం చెబుతోంది? డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఈలోగా మనం ఎక్కడికెళ్లి చూడొచ్చు? ఒక్కొక్కటిగా చూద్దాం.

‘ఆర్ట్ సీజన్’ అంటే ఏంటి?

మ్యూజియంలో రెండు రకాల ప్రదర్శనలు ఉంటాయి. ఒకటి శాశ్వత సేకరణ. అంటే ఎప్పుడెళ్లినా కనిపించే శిల్పాలు, నాణేలు, చిత్రాలు. రెండోది తాత్కాలిక ప్రదర్శన. ఒక అంశాన్నో, ఒక కళాకారుణ్నో తీసుకుని కొన్ని వారాలో నెలలో నడిపేది. సమకాలీన కళా సంస్థలు ఎక్కువగా ఈ రెండో పద్ధతిలోనే పనిచేస్తాయి.

అలాంటి ప్రదర్శనలతో పాటు కళాకారులతో ముఖాముఖి, పిల్లలకు వర్క్‌షాపులు, సినిమా ప్రదర్శనలు, గైడుతో గ్యాలరీ నడక కలిపి ఒక వరుసలో పెట్టి ముందే ప్రకటిస్తే అదే సీజన్. మన దేశంలో ఇది సాధారణంగా నవంబరు నుంచి మార్చి మధ్య వస్తుంది. కారణాలు మామూలువే. వాన, ఉక్కపోత ఉండవు. పండగ సెలవులు ఉంటాయి. జనం ప్రయాణాలు చేస్తారు.

మనకు తెలిసిన పెద్ద ఉదాహరణ కేరళలోని కొచ్చి–ముజిరిస్ బినాలే. 2012 డిసెంబరు 12న మొదలైంది. రెండేళ్లకోసారి జరపాలన్నది దాని పద్ధతి. ఆరో ఎడిషన్‌కు 2025 డిసెంబరు 12 నుంచి 2026 మార్చి 31 వరకు, మొత్తం 110 రోజులు తేదీలు పెట్టారు. క్యూరేటర్‌గా నిఖిల్ చోప్రా పేరును, ఆ తేదీలను ఏడాదికి పైగా ముందే ప్రకటించారు. విద్యార్థులకు వేరుగా ‘స్టూడెంట్స్ బినాలే’ ఉంటుంది. పిల్లల కోసం మరో కార్యక్రమం ఉంటుంది.

గమనించాల్సిన సంగతి ఏంటంటే, కొచ్చిలో ఇందుకోసం కొత్త ప్యాలెస్ ఏదీ కట్టలేదు. ఫోర్ట్ కొచ్చి చుట్టుపక్కల ఉన్న పాత గోదాములు, వర్తక సంస్థల భవనాలే వేదికలయ్యాయి.

అక్కడ పొరపాటు కూడా జరిగింది. 2022లో డిసెంబరు 12న తెరుచుకోవాల్సిన ప్రధాన ప్రదర్శన డిసెంబరు 23కి వాయిదా పడింది. పాల్గొన్న కళాకారులే నిర్వాహకులను తప్పుపడుతూ బహిరంగ లేఖ రాశారు. తేదీ ప్రకటించడమంటే జనానికి మాటివ్వడమే. మాట తప్పితే నిలదీయడానికి చేతిలో ఒక ఆధారం ఉంటుంది. క్యాలెండర్ లేని చోట ఎవరూ మాట తప్పరు. ఎందుకంటే అసలు మాటే ఇవ్వలేదు.

మన ఊళ్లో ‘ఎగ్జిబిషన్’ పెడతారుగా?

పెడతారు. కానీ మన దగ్గర ఎగ్జిబిషన్ అనగానే గుర్తొచ్చేవి జెయింట్ వీల్, ఢిల్లీ అప్పడం, మిరపకాయ బజ్జీ. వాటి సరదా వాటిదే. చేతివృత్తుల విషయానికొస్తే ‘ప్రదర్శన, అమ్మకం’ అని స్టాళ్లు పెడతారు. అందులో ప్రదర్శన తక్కువ, అమ్మకం ఎక్కువ. కళాకారుడికి నాలుగు డబ్బులు వస్తాయి కాబట్టి అవీ కావాల్సినవే.

తేడా ఎక్కడంటే, స్టాల్‌లో బొమ్మ పక్కన ధర ఉంటుంది. ప్రదర్శనలో బొమ్మ పక్కన చేసిన మనిషి పేరు, చేసిన పద్ధతి, దాని చరిత్ర ఉంటాయి.

ఏటికొప్పాక బొమ్మ వెనకాల చెప్పుకోవాల్సిన కథ చాలా ఉంది. అంకుడు కర్రను ఎండబెట్టి, లేత్ మీద తిప్పుతూ ఆకారం తెస్తారు. తిరుగుతున్న కర్రకు రంగు లక్కను అదిమితే ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది. ఒకప్పుడు ఈ పనిలోకి రసాయన రంగులు వచ్చి చేరాయి. పసుపు, జాఫరా గింజలు, నీలి లాంటి సహజ రంగులను మళ్లీ వాడకంలోకి తేవడానికి అదే ఊరికి చెందిన సీవీ రాజు ఏళ్ల తరబడి కృషి చేశారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ దక్కింది.

పసిపిల్ల నోట్లో పెట్టుకున్నా భయం లేని రంగు ఎలా తయారైందన్నది నిజానికి ఒక పరిశోధన కథ. స్టాల్ ముందు రెండు నిమిషాలు ఆగితే అది తెలియదు. తెలియకపోతే కొనేవాడికి యంత్రంతో చేసిన ప్లాస్టిక్ బొమ్మకూ దీనికీ కనిపించే తేడా ధర ఒక్కటే. అక్కడే ఈ బొమ్మ ఓడిపోతుంది. అందుకే ప్రదర్శన అన్నది కళాకారుడి కూలికి కూడా సంబంధించిన విషయం.

ఇది ఎవరి బాధ్యత?

రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో రాష్ట్ర జాబితా ఉంది. అందులో 12వ అంశం లైబ్రరీలు, మ్యూజియంలు, అలాంటి ఇతర సంస్థలు. అంటే ప్రధాన బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిది.

అక్కడితో ఆగలేదు. 74వ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్‌లో పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన పనులు 18 ఉన్నాయి. వాటిలో 13వది సాంస్కృతిక, విద్యా, సౌందర్య అంశాలను ప్రోత్సహించడం. గ్రామ పంచాయతీలకు సంబంధించిన 11వ షెడ్యూల్‌లో 20వది లైబ్రరీలు, 21వది సాంస్కృతిక కార్యకలాపాలు. రోడ్డు, కాలువ, వీధి దీపం ఉన్న జాబితాల్లోనే ఇవీ ఉన్నాయి.

అనకాపల్లి విషయంలో ఒక చిక్కుముడి ఉంది. 2013లో అనకాపల్లి పురపాలక సంఘాన్ని మహా విశాఖ నగరపాలక సంస్థలో, అంటే జీవీఎంసీలో కలిపారు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి వేరే జిల్లా అయింది. ఫలితంగా జిల్లా కేంద్రం ఒక జిల్లాలో ఉంటే, దాని పాలక సంస్థ ప్రధాన కార్యాలయం పక్క జిల్లాలో ఉంది. ఏటికొప్పాక మాత్రం పంచాయతీ. దగ్గర్లోని శంకరం గ్రామం వద్ద ఉన్న బొజ్జన్నకొండ, లింగాలకొండ బౌద్ధ క్షేత్రం కేంద్ర పురావస్తు శాఖ పరిధిలో ఉంది.

అంటే ఒకే జిల్లాలో కళ, చరిత్రకు సంబంధించి నలుగురు యజమానులు. నలుగురినీ ఒక టేబుల్ దగ్గర కూర్చోబెట్టే పని జిల్లా యంత్రాంగమే చేయగలదు.

డబ్బు ఎక్కడిది?

మీ ఇంటి పన్ను రశీదు ఒకసారి తీసి చూడండి. అందులో లైబ్రరీ సెస్ అని ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు ఇవ్వాలి. చాలాచోట్ల స్థానిక సంస్థలు ఆ బకాయిలు సరిగా కట్టవన్న ఫిర్యాదు పాతదే. అయినా లైబ్రరీకి చట్టం చూపించిన ఒక ఆదాయ మార్గం ఉంది. కళా ప్రదర్శనలకు అలాంటిది లేదు. ఏ ఏడాదికా ఏడాది ఎవరో ఒకరు మనసు పెడితేనే జరుగుతాయి.

కేంద్ర సాంస్కృతిక శాఖకు టాగోర్ కల్చరల్ కాంప్లెక్స్ అనే పథకం ఉంది. నాటకం, సంగీతం, ప్రదర్శనలు, సదస్సులకు ఉపయోగపడే భవన సముదాయాలకు సాయం చేస్తుంది. రాష్ట్రం తన వాటా పెట్టాలి. అయితే కట్టడానికి డబ్బు దొరకడం ఒక ఎత్తు, కట్టాక రోజూ తలుపు తీసి నడిపించడం మరో ఎత్తు. రిబ్బన్ కటింగ్ తర్వాత తాళం పడిన ఆడిటోరియంలు మనకు కొత్త కాదు.

కార్యక్రమాల కోసం మరో దారి ఉంది. కేంద్రం దేశంలో ఏడు ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రాలను నడుపుతోంది. తంజావూరులోని దక్షిణ మండల కేంద్రంలో ఆంధ్రప్రదేశ్ సభ్య రాష్ట్రం. ఇలాంటి కేంద్రాలు కళాకారులను, వర్క్‌షాపులను ఊళ్లకు పంపగలవు. పంపమని అడగాలంటే మన దగ్గర స్థలం, తేదీ సిద్ధంగా ఉండాలి.

‘ముందు కాలువలు బాగుచేయండి’ అంటే?

ఇది న్యాయమైన అభ్యంతరమే. వానొస్తే నీళ్లు నిలిచే వీధిలో ఉన్నవాళ్లకు ఆర్ట్ గ్యాలరీ గురించి చెబితే కోపం వస్తుంది. కోట్ల రూపాయల భవనం అడిగితే ఆ కోపంలో తప్పు లేదు.

కానీ మొదటి సీజన్‌కు భవనం అక్కర్లేదు. లైబ్రరీ హాలు, సెలవుల్లో ఖాళీగా ఉండే కాలేజీ గదులు, వాడకంలో లేని ప్రభుత్వ కార్యాలయం చాలు. కావాల్సినవి మంచి వెలుతురు, కాపలా, తెలుగులో రాసిన వివరణ పలకలు, ఒక బాధ్యుడు. తేదీ కూడా ఊరి పంచాంగంలోనే ఉంది. కనుమ నాడు బొజ్జన్నకొండకు జనం ఎలాగూ వస్తారు. కొత్త అమావాస్యకు నూకాంబిక అమ్మవారి జాతరకు పోటెత్తుతారు. ఈ రెంటి మధ్య ఉన్న రెండు నెలల పైచిలుకు కాలమే అనకాపల్లికి సహజమైన సీజన్. ఉత్తరాంధ్రకు తుపాను భయం ఉండే అక్టోబరు, నవంబరు కూడా దాటిపోయి ఉంటాయి.

ఈలోగా ఎక్కడ చూడొచ్చు?

• విశాఖపట్నం: బీచ్ రోడ్డులోని పాత డచ్ బంగళాలో 1991లో మొదలైన విశాఖ మ్యూజియం ఉంది. ఇది ప్రధానంగా చరిత్ర. కొత్త చిత్రాలు, శిల్పాలు చూడాలనుంటే ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫైన్ ఆర్ట్స్ విభాగం విద్యార్థుల ప్రదర్శనల సమాచారం కనుక్కోండి.

• రాజమహేంద్రవరం: దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ. మూడు పదులు నిండకుండానే 1925లో కన్నుమూసిన ఆ చిత్రకారుడి పనిని ఒకేచోట చూడొచ్చు.

• హైదరాబాద్: మాదాపూర్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్. తెలంగాణ ప్రభుత్వానిది. 2015లో మొదలైన ఇండియన్ ఫొటో ఫెస్టివల్‌కు ఇది ప్రధాన వేదిక.

• బెంగళూరు: నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్. దిల్లీలో 1954లో, ముంబయిలో 1996లో, బెంగళూరులో 2009లో వీటిని తెరిచారు. తెలుగు రాష్ట్రాల్లో ఒక్కటీ లేదు.

బయల్దేరే ముందు ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనో సోషల్ మీడియా పేజీలోనో తేదీలు చూసుకోండి. చాలా మ్యూజియంలకు వారంలో ఒకరోజు సెలవు, ఎక్కువగా సోమవారం. ఒక ప్రదర్శన దించి మరొకటి పెట్టే రోజుల్లో హాళ్లు మూసే ఉంటాయి.

మనం ఏం అడగొచ్చు?

మొదటిది, సమాచార హక్కు దరఖాస్తు. పట్టణంలో ప్రభుత్వ హాళ్లు ఎన్ని ఉన్నాయి, గత ఏడాది ఎన్ని రోజులు వాడారు, రోజుకు అద్దె ఎంత, సంస్కృతి పద్దు కింద ఎంత ఖర్చయింది అని జీవీఎంసీని, జిల్లా కార్యాలయాన్ని అడగొచ్చు. రాష్ట్ర నిబంధనల ప్రకారం దరఖాస్తు రుసుం గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి.

రెండోది, సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అక్కడ ‘ఆర్ట్ గ్యాలరీ కట్టండి’ అని రాస్తే ప్రతిపాదన పరిశీలనలో ఉందన్న జవాబుతో ముగిసే అవకాశమే ఎక్కువ. దానికి బదులు ‘ఫలానా హాలును కనుమ నుంచి కొత్త అమావాస్య వరకు శని, ఆదివారాల్లో ఉచితంగా ఇవ్వండి, బాధ్యుడిగా ఒక అధికారి పేరు చెప్పండి’ అని రాయండి. దానికి అవుననో కాదనో చెప్పాల్సి వస్తుంది.

మూడోది, స్కూళ్లు. ఏడాదికి ఒక్క రోజు పిల్లలను ఏటికొప్పాక తీసుకెళ్లి, చేసేవాళ్ల పక్కన కూర్చోబెట్టి, వాళ్ల సమయానికి డబ్బు చెల్లిస్తే అదీ ఒక ప్రదర్శనే. దీనికి ఎవరి అనుమతి కోసమూ ఏళ్లు వేచి చూడక్కర్లేదు.

ఈ వారం చేయగలిగిన పని ఒకటుంది. మీ వార్డు కార్యాలయంలో ఈ ఊళ్లో సాంస్కృతిక కార్యక్రమాలు చూసే అధికారి ఎవరని అడగండి. పేరు చెబితే రాసుకోండి. చెప్పలేకపోతే సమాచార హక్కు దరఖాస్తులో మొదటి ప్రశ్నగా అదే పెట్టండి.