ఉయునికి టికెట్ అక్కర్లేదు... ప్లాన్ చాలు!

‘సరైనోడు’ (2016)లో అల్లు అర్జున్, రకుల్ ప్రీత్ సింగ్ మీద తీసిన ఒక డ్యూయెట్ కోసం యూనిట్ దక్షిణ అమెరికాలోని బొలీవియా దాకా వెళ్లింది. అక్కడ ఉయుని అనే చోట పది వేల చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న ఉప్పు మైదానం ఉంది. ప్రపంచంలో అతి పెద్దది అదే. అంతకుముందు ‘రోబో’ (2010) పాట కోసం శంకర్ బృందం పెరూలోని మాచు పిచ్చుకు వెళ్లొచ్చింది.

తెర మీద మనం చూసేది నాలుగైదు నిమిషాలే. అలాంటి పాట కోసం జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ ఆఫీసుల్లో కూర్చుని పాస్‌పోర్టులు, వీసాలు, టీకాలు, కాస్ట్యూమ్ పెట్టెలు, కెమెరా సామాను లెక్క చూసేవాళ్లు వేరే ఉంటారు. ప్రొడక్షన్ మేనేజర్, లైన్ ప్రొడ్యూసర్, అసిస్టెంట్ డైరెక్టర్ చేసే పనులివి. ‘సినిమా ఫీల్డ్’ అనగానే మనకు వీళ్లు గుర్తుకురారు. రెజ్యూమెలో మాత్రం అందరం ‘ప్లానింగ్ స్కిల్స్’ అని రాసేస్తాం. ‘ఏదీ, ఒక్క ఉదాహరణ చెప్పండి’ అని ఇంటర్వ్యూలో అడిగితే కాలేజ్ ఫెస్ట్ దగ్గర ఆగిపోతాం.

అందుకే నాదో సలహా. బొలీవియాకు పది రోజుల ట్రిప్ ప్లాన్ చేయండి. వెళ్లక్కర్లేదు, రూపాయి ఖర్చుపెట్టక్కర్లేదు. కాగితం మీద నిజాయతీగా చేస్తే చాలు.

పది రోజులు ఎక్కడికి పోతాయి?

హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు. దుబాయ్ లేదా దోహా, అక్కడి నుంచి బ్రెజిల్‌లోని సావో పాలో, ఆపై బొలీవియాలోని శాంటా క్రూజ్. గాల్లోనే సుమారు 22 గంటలు. మధ్యలో ఎదురుచూపులు కలిపితే రానూపోనూ నాలుగు రోజులు హుష్‌కాకి! మిగిలేది ఆరు.

‘నేరుగా లా పాజ్‌లో దిగితే సరి’ అనిపిస్తుంది. ఇక్కడే అసలు చిక్కు. ఆ నగరపు ఎయిర్‌పోర్టు సముద్ర మట్టానికి 4,000 మీటర్లకు పైన ఉంది. మన హైదరాబాద్ ఎత్తు 540 మీటర్ల చిల్లర. దిగీదిగగానే తలనొప్పి, వికారం, ఆయాసం పట్టుకోవచ్చు. అందుకని సుమారు 400 మీటర్ల ఎత్తున్న శాంటా క్రూజ్‌లో ఒక రోజు, 2,800 మీటర్ల సుక్రెలో రెండు రోజులు ఉండి, అప్పుడు 3,650 మీటర్ల ఉయునికి ఎక్కాలి. సుక్రె నుంచి ఉయునికి రోడ్డు మీద ఒక పగలు పోతుంది. ఉయునిలో ఒక రోజు, తిరిగి శాంటా క్రూజ్ చేరడానికి ఇంకో రోజు. ఆరూ అయిపోయాయి!

మరి ఒక ఫ్లైట్ క్యాన్సిల్ అయితే? చేతిలో ఒక్క రోజు కూడా లేదు. సుక్రె తగ్గిస్తే ఆరోగ్యానికి ముప్పు. కాబట్టి ట్రిప్ పన్నెండు రోజులైనా కావాలి, లేదంటే ఉయునిని వదులుకోవాలి. ఈ నిర్ణయాన్ని కారణాలతో సహా చెప్పగలిగితే అదే మీ ఇంటర్వ్యూ జవాబు.

ఇంకా ఉన్నాయి. ఆ నేల అద్దంలా ఆకాశాన్ని చూపించాలంటే జనవరి-మార్చి వానలు కావాలి. ఆ వానలకే దారులు మూసుకుపోవచ్చు కూడా. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. మన ఊళ్లో నారాయణగూడ ఐపీఎంలో వేస్తారు. ఆ సర్టిఫికెట్ లేకుండా బొలీవియా నుంచి తిరిగొస్తే క్వారంటైన్‌లో పెట్టొచ్చు. అమెరికా మీదుగా టికెట్ చౌకగా దొరికినా, అక్కడ విమానం మారడానికి కూడా అమెరికా వీసా ఉండాలి. బొలీవియా వీసా నిబంధనలను రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో చూసి, చూసిన తేదీ పక్కన రాసుకోండి. నిబంధనలు మారుతుంటాయి.

చాట్‌బాట్ చేసిపెట్టదా?

చేస్తుంది, నిమిషంలో! కానీ ఎత్తు సంగతి, టీకా గడువు పట్టించుకుందో లేదో చూడాల్సింది మీరే. ఇకపై ఉద్యోగంలో మనకు మిగిలే పనిలో పెద్ద భాగం ఇదేనని నా నమ్మకం. వచ్చిన జవాబును పరీక్షించడం, తప్పైతే పట్టుకోవడం.

ఒక షీట్‌లో ఐదు కాలమ్‌లు గీయండి: పని, గడువు, దేని తర్వాత చేయాలి, ఖర్చు, తేడా వస్తే ఏం చేయాలి. తిరిగొచ్చే తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి. ఇంజినీరింగ్ వాళ్లకైతే ఇది పరీక్ష కోసం బట్టీపట్టిన పెర్ట్, సీపీఎం పాఠమే. కామర్స్, ఆర్ట్స్ వాళ్లు కూడా చేయగలరు.

‘కాగితం మీది ట్రిప్ అనుభవం ఎలా అవుతుంది?’ అని అడగొచ్చు. నిజమే, కాదు. అనుభవమని రాసుకోవద్దు కూడా. ‘సొంతంగా చేసిన ఎక్సర్‌సైజ్’ అనే రాయండి. అడిగితే షీట్ తెరిచి చూపించండి. ప్రొడక్షన్ ఆఫీసైనా, ఈవెంట్ కంపెనీ అయినా, ఐటీలో ప్రాజెక్ట్ కోఆర్డినేటర్ పోస్టైనా వాళ్లు వెతికేది ముందే చిక్కును పసిగట్టే మనిషిని. ఫిల్మ్ నగర్‌లో పరిచయాలు లేకుండా అడుగుపెట్టడం కష్టమే. అలా అని ఖాళీ చేతులతో తలుపు తట్టడం దేనికి?

ఈ ఆదివారం ఓ మూడు గంటలు కేటాయించండి. బొలీవియా నచ్చకపోతే పెరూ, చిలీ ఉన్నాయి. షీట్ పూర్తయ్యాక ఫ్రెండ్‌కిచ్చి, ‘ఇందులో తప్పులు పట్టు’ అనండి. వాళ్లడిగే మొదటి ప్రశ్నకే మీ దగ్గర జవాబు లేకపోతే, వచ్చే ఆదివారానికి పని దొరికినట్టే.