కుక్కకు మాలిష్ అంటే నవ్వుడేనా?

హైదరాబాద్‌ల కుక్కలకు మాలిష్ చేస్తున్నరంటే ఊర్లె నవ్వుతరు. మనుషులకే దిక్కు లేదు, కుక్కకు ఒళ్లు పట్టుడా అంటరు. నవ్వుడు తప్పేం కాదు. పెట్ స్పా అని బోర్డు పెట్టి స్నానానికి, గోర్లు కత్తిరించుడుకు, మాలిష్‌కు కలిపి బిల్లు ఏస్తున్నరు. అండ్ల చానమట్టుకు షోకే. కని అసలు పని కూడ కొంత ఉన్నది. ఆన్‌లైన్‌ల ఈ పనికి కోర్సులు, సర్టిఫికెట్లు సుత అమ్ముతున్నరు కాబట్టి, కొలువు ఎతుక్కునే మన పోరగాండ్లకు ఇది తెల్వాలె.

ముసలి కుక్కకు కీళ్లు అరుగుతయి. నొప్పి ఉన్న కాలు మీద బరువు ఎయ్యకుండ మిగిలిన కాళ్ల మీద మోపుతది. దాంతోటి భుజాలు, మెడ, నడుము కండలు బిగుసుకపోతయి. మాలిష్ పనిచేసేది గా బిగుసుకపోయిన కండ మీదనే. అరిగిన కీలు మాలిష్‌తోటి మళ్ల మొలవదు. పెరిగేటప్పుడే తుంటి కీలు సరిగ్గ కుదరని జబ్బు ల్యాబ్రడార్లకు ఎక్కువ. దానికి మాలిష్ కన్న బరువు తగ్గించుడే పెద్ద మందు. బిస్కెట్లు బంద్ చెయ్యమని చెప్పే స్పా ఏడన్న ఉంటే మంచిదే! ఇగ మాలిష్ మీద గట్టి పరిశోధనలు కూడ తక్కువే. నొప్పి కొంత తగ్గుతది, కుక్క నిమ్మళిస్తది అనేదాంక నమ్మొచ్చు. రోగం నయం చేస్తమంటే నమ్మొద్దు.

నాకు భయం ఇంకోదాని గురించి. డాష్‌హండ్ అని పొట్టి కాళ్లు, పొడుగు నడుము కుక్క ఉంటది. దానికి వెన్నుపూసల మధ్య డిస్కు జారి నరాల మీద ఒత్తిడి పడుడు ఎక్కువ. పైకి చూస్తే నడుము పట్టినట్టే ఉంటది. తెల్వక గట్టిగ వత్తితే ఎనుక కాళ్లు పడిపోవచ్చు. ఎముక ఇరిగినా, జ్వరమున్నా, గడ్డ లేసినా గంతే, ముందుగాల చెయ్యి పెట్టొద్దు. ఏది కండ నొప్పి, ఏది నరం నొప్పి అని చెప్పేది పశువుల డాక్టరే.

బ్రిటన్‌ల ఈ ముచ్చట చట్టంలనే తేల్చిన్రు. అక్కడ 2015 నాటి ఉత్తర్వు ప్రకారం డాక్టర్ జంతువును చూసి చెప్పినంకనే వేరేటోళ్లు ఫిజియోథెరపీ చెయ్యాలె. మన దగ్గర 1984 పశువైద్య మండలి చట్టం ఉన్నది. రిజిస్టరైన డాక్టరే వైద్యం చెయ్యాలె, డిప్లొమా ఉన్నోళ్లు డాక్టర్ చేతికింద చిన్న సేవలు చెయ్యొచ్చు, అదీ సర్కారు అనుమతిస్తేనే అని 30వ సెక్షన్ చెప్తది. మాలిష్ గురించి విడిగ ఏం లేదు. ఈ సందుల నుంచే సర్టిఫికెట్ల వ్యాపారం నడుస్తున్నది. సర్కారు చెయ్యాల్సింది ఒక్కటే. పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లల్ల రెండేండ్లు చదివే పిల్లలకు ఈ చేతి పని కూడ నేర్పి, డాక్టర్ చేతికింద చెయ్యనియ్యాలె. బర్రెల నడుమ పెరిగిన చేతులకు జంతువు బెదురు తెలుస్తది. గా విద్య ఎవ్వరూ అమ్మలేరు.

ఇంట్ల కుక్క ఉంటే దీనికి పైసలు పెట్టుడు అవసరం లేదు. రోజొకసారి నెత్తి నుంచి తోక దాంక వెంట్రుకల వాలు మీద మెల్లగ చెయ్యి తియ్యాలె. గోమార్లు దొరుకుతయి, గడ్డలు దొరుకుతయి, ఏడ ముట్టుకుంటే గుంజుకుంటదో తెలుస్తది. మూతి నాకుకున్నా, మొఖం తిప్పుకున్నా ఆపాలె. నొప్పుల బాము రాయొద్దు, నాకి మింగుతది. మనం మింగే నొప్పి గోలీలు అసలే ఇయ్యొద్దు. ఐబుప్రొఫెన్ కుక్కకు కడుపుల పుండ్లు చేస్తది, కిడ్నీలు కరాబు చేస్తది.

కోర్సుకు పైసలు కట్టేముందు ఒక్క మాట అడుగున్రి: ఇది నేర్చుకున్నంక నేను ఏ డాక్టర్ చేతికింద పనిచెయ్యాలె? జవాబు రాకుంటే ఫోను పెట్టెయ్యున్రి.