ఖాందాన్‌లో గుండె జబ్బు: దాచవద్దు

దబీర్‌పురా దర్వాజా పరిసరాల గల్లీల్లోనైనా, మరే ఊరిలోనైనా, పెళ్లి సంబంధం చూసేటప్పుడు మనం ఖాందాన్ గురించి ఎన్నో విషయాలు ఆరా తీస్తాము. గుండె కవాటం జబ్బు ఎవరికైనా ఉన్నదా అని అడగడం మాత్రం అరుదు. ఉన్నవారు చెప్పడం మరీ అరుదు. ఆడపిల్లకు ఉంటే ఆ మాట గడప దాటదు. ఈ మౌనం ప్రమాదకరమని మేము భావిస్తున్నాము.

మన దేశంలో కవాటాలు చెడిపోవడానికి ఒక ముఖ్య కారణం రుమాటిక్ జ్వరం. 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకు ఒక రకం బాక్టీరియా వల్ల గొంతునొప్పి వచ్చి, సరైన వైద్యం అందకపోతే ఈ జ్వరం రావచ్చు. ఇది వంశపారంపర్య వ్యాధి కాదు. అయితే ఆ గొంతునొప్పి వచ్చినవారిలో కొందరికే ఈ జ్వరం వస్తుంది. అందుకే పరిశోధకులు రోగనిరోధక శక్తికి చెందిన జన్యువులను పరిశీలిస్తున్నారు. సకాలంలో పెన్సిలిన్ వాడితే దీనిని నివారించవచ్చు.

పుట్టుకతో వచ్చే లోపం వేరు. బృహద్ధమని కవాటానికి మూడు రేకులుండాలి. నూటికి ఒకరిద్దరిలో రెండే ఉంటాయి. కొన్ని కుటుంబాల్లో దీనికి నాచ్1 అనే జన్యువులోని మార్పు కారణమని 2005లో అమెరికా పరిశోధకులు కనుగొన్నారు. నడివయసు వరకు ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు.

మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2009లో మరో జన్యులోపాన్ని వెల్లడించారు. అది కవాటానికి కాక గుండె కండరానికి సంబంధించినది. భారత ఉపఖండంలో నూటికి దాదాపు నలుగురిలో ఉన్నది. ఇటువంటి లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా సంక్రమిస్తే జబ్బు చిన్ననాడే తీవ్రం కాగలదు. దగ్గరి బంధువుల వివాహాల్లో ఆ అవకాశం ఎక్కువ.

కనుక ఇంట్లో ఒకరికి రెండు రేకుల కవాటమని తేలితే తల్లిదండ్రులు, తోబుట్టువులు, సంతానం ఒకసారి ఎకో పరీక్ష చేయించుకోవాలి. కవాటం సన్నబడిన స్త్రీ గర్భం దాల్చడానికి ముందే వైద్యుని సంప్రదించాలి. గర్భంతో శరీరంలో రక్తం దాదాపు సగం మేర పెరుగుతుంది. ఇరుకైన కవాటం ఆ భారాన్ని మోయలేక ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. జబ్బు దాచి పంపిన ఇంట్లో ఆ ఆయాసాన్ని నీరసమనుకుంటారు.

సంబంధం తప్పిపోతుందన్న భయం మాకు తెలియనిది కాదు. అయినా కోడలి ప్రాణం రెండు ఇళ్లకూ అమానత్. నిజం ముందే చెబితే దానిని కాపాడుకునే వీలు రెండు ఇళ్లకూ ఉంటుంది.